ఇరవై అయిదు అక్షరాలు

విడవలూరు దాటాక ఉప్పుగాలి మొదలయ్యే మలుపులో
మా నీళ్ళ పరీక్షల ల్యాబు.
ఒక ఫ్రిజ్జు, మూడు బ్యూరెట్లు,
ఎంత కడిగినా మునివేళ్ళను వదలని రొయ్యల మేత వాసన.
బల్ల మీద ఆరేళ్ళ కంప్యూటరు.
దాని తెర కుడిమూల
బూడిదరంగులో ఒక హెచ్చరిక:
ఇది అసలుది కాదేమో, సరిచూసుకో అని.

రోజూ చూసేదాన్ని.
అప్పులాయన గుమ్మంలో నిలబడితే
నాన్న ఇంట్లో లేడని చెప్పే పిల్లలా
కళ్ళు తిప్పుకునేదాన్ని.

కొత్త విండోస్ ఎక్కించుకోమని నోటీసు వచ్చింది.
ఓనరు దశరథరామిరెడ్డి గారు బైకు దిగకుండానే అన్నారు:
"అసలు కీ అంటే వేలంట గదమ్మా!
ట్రంకు రోడ్డు రహంతుల్లా మూడొందలకే ఏస్తాడంట.
నీళ్ళకేమన్నా తెలస్తాదా
కంప్యూటరు దొంగదో దొరదో?"

రహంతుల్లా మంచోడే.
టీ తాగి, పెన్‌డ్రైవ్ గుచ్చి,
"ముందు యాంటీవైరస్ ఆపాలక్కా,
అదుంటే ఇది దిగదు" అన్నాడు.
కాపలా కుక్కను కట్టేసి దొడ్డితలుపు తీయడం అది.
నాకర్థమైంది.
అర్థం కానట్టు బీకరు కడిగాను.

ఇరవై అయిదు అక్షరాలు.
అయిదేసి చొప్పున, మధ్యలో గీతలు.
ఏ ఊరి ఆఫీసు కోసం ఎవరు కొన్నవో,
ఎన్ని చేతుల్లో నలిగిన నోటులా మా దాకా వచ్చాయో.
స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె పుచ్చుకుంటే
మరుసటేడు రొట్టె తిరిగివ్వాలి,
ముక్కూ మొహం తెలియని మనిషికైనా.
ఈ రొట్టె ఎవరికివ్వాలి?

పదకొండు రోజులు బాగానే నడిచింది.
పన్నెండో రోజు అప్‌డేట్.
గుండ్రంగా తిరిగిన చుక్కలు
తొంభై రెండు శాతం దగ్గర ఆగి ఆగి
తెర నల్లబడింది.
మళ్ళీ వెలిగేసరికి
ప్రతి ఫైలు పేరు వెనకా నాకు చదవను రాని ఒక తోక.
తెరిస్తే గవ్వలు చల్లినట్టు ఏవో గుర్తులు.
ఉప్పెంత, అమోనియా ఎంత,
పచ్చ చుక్కలెన్ని, పసుపు చుక్కలెన్ని,
ఆరేళ్ళ నీళ్ళు ఆ డబ్బాలోనే గడ్డకట్టాయి.

రహంతుల్లా ఫోను స్విచ్చాఫ్.
మూడోనాడు తనే వచ్చాడు, తల దించుకుని.
"నాకూ ఎవురో ఇచ్చిందే గదక్కా."

ఆ వారమే రామతీర్థం నుంచి పామంజి పోలయ్య,
సీసాలో చెరువు నీళ్ళతో.
"రొయ్య గట్టుకొస్తాండాది పాపా.
పోయినేడు ఇదే కార్తెలో నువ్వేదో మందు సెప్పినావే,
అప్పుడు లెక్కెంత ఉండిందో సూడు."
చూడటానికి ఏముంది?
నల్ల తెరలో నా మొహం ఉంది.

కరెంటు లేదనొచ్చు.
చెప్పేశాను. కీ సంగతి, కుక్క సంగతి, అన్నీ.
"మారుతాళమని తెలిసే
మా నీళ్ళు దాంట్లో పెట్టినావా" అన్నాడు.
అంతే. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు మోటారు షెడ్డులోంచి ఇనప ఊచ తెచ్చాడు.
దానికి గుచ్చి ఉన్నాయి నేనిచ్చిన చీటీలన్నీ,
నూనె మరకలతో, నడుమ చిల్లులతో.
కొన్నిటికి అంకె మీదే పడింది చిల్లు.
అక్కడ ఏడో ఒకటో
ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు ఆదివారాలు చెరువుగట్లు తిరుగుతున్నాను,
చీటీలు అడుక్కుంటూ.
ఊటుకూరులో ఒకాయన నవ్వాడు,
బజ్జీల కింద పోయాయమ్మా అని.

జీతంలోంచే కొన్నాను అసలు కీ.
ఓనరు గారు ఇంకా ఆ లెక్క తేల్చలేదు.
బీ అక్షరమా, ఎనిమిదా అని
ప్రతిదీ రెండుసార్లు చూసి కొట్టాను.
మూలనున్న హెచ్చరిక పోయింది.
కళ్ళు మాత్రం అలవాటుగా అటే పోతాయి.

పోలయ్య చెరువు, నిరుటి కార్తె,
అమోనియా గడి.
చిల్లు పడ్డ చోట
ఖాళీగానే వదిలాను.