అయిదో దీపం

వార్దోలో సూర్యుడు నవంబరు చివర దిగిపోతే
జనవరి నడిమికి గానీ తలెత్తడు.
ఆ రెండు నెలలూ ఈ దీవి మీద
పగలంటే కిటికీలో కాస్త నీలం, అంతే.
అలాంటి మధ్యాహ్నమే ఆస్మున్ ఫోను చేశాడు:
"నేలమాళిగలో టమాటాలు వేశాను.
నువ్వొచ్చి ఒక్క తీగ లాగిపోతే చాలు."

ఒక్క తీగ!
ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను,
ఒక్క తీగతో తేలిన ఇల్లు ఇంతవరకూ చూడలేదు.

ఒకప్పుడు ఉప్పుచేపలు దాచిన గది.
గోడలకింకా కాడ్ చేపల వాసన.
వలలు తగిలించిన కొక్కేలకు ఇప్పుడు దీపాలు,
వాటి కింద పెరుగు డబ్బాల్లో రెండాకుల మొలకలు,
ఆ వెనక గోడకి ఒకే ఒక్క సాకెట్టు.
దాన్లోంచి ఒక పొడుగు తీగ, ఆ తీగలోంచి ఇంకొకటి,
దూరపు చుట్టాలంతా ఒకే ఇంట్లో దిగినట్టు
దీపాలు, ఫ్యాన్లు, నీళ్ళ పంపు, హీటరు,
చిట్టచివర వాతావరణం చెప్పే రేడియో.
ప్లగ్గు మీద చెయ్యి వేశాను.
అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంది.
"కాస్త వెచ్చగా ఉంటుందిలే" అన్నాడు.
ఈ ఊళ్ళో వెచ్చదనం మర్యాద.
నా వృత్తిలో అది సాక్ష్యం.

చేపల పెట్టె మూత తిరగేసి పెన్సిలు తీశాను.
రెండు వందల ముప్పై వోల్టులు, పదహారు ఆంపియర్లు:
మూడు వేల ఆరు వందల ఎనభై వాట్లు.
ఆయన కళ్ళు మెరిశాయి.
పడవని అంచు దాకా నింపుతావా ఎప్పుడైనా, అని అడిగాను.
తల అడ్డంగా ఊపాడు.
గంటల తరబడి వెలిగే దీపాలకీ అంతే,
అయిదో వంతు అల కోసం వదిలెయ్యాలి.
మిగిలింది రెండు వేల తొమ్మిది వందల నలభై నాలుగు.
ఆరువందల వాట్ల దీపాలు నాలుగే.
"అయిదు కొన్నానే! మూడు వేలేగా,
యాభై ఆరు వాట్ల దగ్గర పేచీయా?
మీ నాన్న కన్నా పిసినారివి నువ్వు.
ఆ అయిదోది ఏం చేస్తుందట?"

ఏమీ చెయ్యదు, అన్నాను. మొదటి రోజు.

పైకెళ్ళి పాత ఫ్యూజు పెట్టె తెరిచాను.
పింగాణీ ఫ్యూజుకి చాక్లెట్టు వెండి కాగితం చుట్టి ఉంది.
"డెబ్బై ఎనిమిదిలో, తుఫాను రాత్రి.
కొట్టు మూసేశారు.
ఆ ఒక్క రాత్రికే అనుకున్నా."
ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దీపాలకొక దారి. హీటరుకొక దారి,
ఆ రెండు కత్తులూ ఒకే ఒరలో ఇమడవు.
పంపుకీ ఫ్యాన్లకీ మూడోది.
రేడియోని వంటింట్లోకి పంపేశాను.

నీరు పల్లమెరుగు.
అందుకని ప్రతి తీగనీ సాకెట్టు కన్నా జానెడు కిందికి
వేలాడదీసి మళ్ళీ పైకి తెచ్చాను.
జారే బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోవాలి,
ప్లగ్గు గడప తొక్కకూడదు.
కరెంటూ పల్లమే వెతుక్కుంటుంది.
ఎర్తు లేని ఇంట్లో
తడిచేతి మనిషే దానికి పల్లం.

ముప్పై మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు
మొత్తం ఆపేసే బ్రేకరు బిగించాను చివరికి.
దాని మీద చిన్న మీట.
నెలకొకసారి నొక్కాలి, నొక్కు, అన్నాను.
నొక్కాడు. టక్!
మొలకలు, కొక్కేలు, ఆయన ముఖం, అన్నీ మాయం.
కాళ్ళ కింద సముద్రం చప్పుడు ఒక్కటే మిగిలింది.
"చచ్చిందా?" చీకట్లో ఆస్మున్ గొంతు.
లేదు. బతికే ఉన్నానని చెప్పింది.

మార్చిలో వెళ్ళాను, బిల్లు సగం ఇంకా బాకీ.
గోలీకాయంత టమాటా ఒకటి, ఇంకా పచ్చిదే.
ఆయన ముట్టుకోనివ్వలేదు.
అయిదో దీపం అట్టపెట్టె విప్పనే లేదు,
దాని మీదే కూర్చుని పూతలు లెక్కపెడుతున్నాడు.