ఎక్కణ్ణించి అయిదు?

ఆకివీడు దాటాక మూడో చెరువు గట్టు మీద
రొయ్యలకి మేత చల్లే డబ్బా ఒకటి
నిన్న సాయంత్రం నుంచీ వణుకుతోంది.
మూత తెరవదు, మూయదు.
తడిసిన కోడిపిల్లలా సర్వో మోటారు
టకటకమంటూ అక్కడక్కడే.

ముప్పయ్యేళ్ళు ఏరేటర్లు బాగుచేసిన చేతులు నావి.
కాయిలు కాలితే వాసన చూసి చెబుతాను.
దీనికి వాసన లేదు.
బ్యాటరీ నిండుగా ఉంది, బోర్డు మీద పచ్చలైటు వెలుగుతోంది.
మోటారు ఎరుపూ నలుపూ బ్యాటరీకి,
పసుప్పచ్చ తీగ బోర్డుకి.
నా లెక్కలో తప్పు లేదు.

ఎర్తు చాల్లేదేమోనని
గట్టులో ఇనపకడ్డీ దిగ్గొట్టి
ఉప్పూ బొగ్గూ పోసి
రెండు బిందెలు గుమ్మరించాను.
వణుకు పోలేదు.

మేత గుమాస్తా కూతురు లోవకుమారి వచ్చింది,
పాలిటెక్నిక్ రెండో ఏడు, బురదకి చెప్పులు చేత్తో పట్టుకుని.
కడ్డీని చూసి నవ్వలేదు, అదే నాకు నచ్చింది.
"బాబాయ్, ఈ గ్రౌండు ఆ నేల కాదండీ.

ఈ చెరువులో ఒక కొలకర్ర, ఆ చెరువులో ఇంకోటి,
దేని మొదలు దాని బురదలో.
ఇక్కడ అయిదంటే అక్కడెంతో ఎవరికి తెలుసు?
బోర్డు అయిదంటోంది.
మోటారు అడుగుతోంది, ఎక్కణ్ణించి అయిదని."

లాకుల దగ్గర లస్కరు పోలయ్య గుర్తొచ్చాడు.
రాతి మీది అంకె చదివి కేకేసేవాడు,
కింది లాకువాడు తలుపెత్తేవాడు.
ఆ అంకెల కింద ఒక సున్నా ఉంటుందని
ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు.

"పోనీ, మోటారుకీ బోర్డు నుంచే ఇచ్చేస్తే?"
"బోదెలోకి కాలవ తిప్పుతారా ఎవరన్నా?"

పాత చార్జరు తీగ జానెడు తెంపి
పంటితో కొనలు ఒలిచింది.
బ్యాటరీ నలుపు నుంచి బోర్డు నలుపుకి.
అంతే.

మోటారు గొంతు సవరించుకున్నట్టు ఒకసారి కదిలి
సరిగ్గా పావు చుట్టు తిరిగి
నిలబడింది.
మేత జలజలా రాలింది.
నీళ్ళ అడుగున ఏదో మసక ఇటు జరిగింది.

వెళ్ళేటప్పుడు కడ్డీ పీకబోతే రాలేదు,
గట్టు పట్టేసింది.
ఉంచేశాను.
గొడుగు తగిలించుకోడానికి పనికొస్తోంది.