రసీదు

స్వాన్సీలో వాన నిలువుగా పడదు,
సముద్రం వైపునించి అడ్డంగా వచ్చి కొడుతుంది.
అలాంటి వానలో, నవంబరు పొద్దున,
ఉత్తరాల సంచీతో గ్లెనిస్ ప్రోబర్ట్
మీటరు గుంత మూత మీద కాలేసింది.
మూత విరిగింది. మడమ కూడా.

నీళ్ళ కంపెనీ క్లెయిముల గదిలో
జవాబులు రాసే ఉద్యోగం నాది.
రాశాను:
"మీటరు మాదే. పైపు మాదే.
పేవ్‌మెంటు కౌన్సిల్‌ది.
మూత ఎవరిదో విచారణలో ఉంది."
కౌన్సిల్ కూడా అలాంటిదే రాసింది,
ఇంకాస్త మంచి కాగితం మీద.

నీళ్ళ బిల్లు మాత్రం
ఒక్కసారీ దారి తప్పలేదు.
ఆమె ఇల్లెక్కడో దానికి బాగా తెలుసు.

మార్చిలో తనే వచ్చింది, చేతికర్రతో.
పాత పేపర్లో చుట్టిన మూట
నా బల్ల మీద పెట్టి విప్పింది.
రెండు ఇనప ముక్కలు, తుప్పు,
మా కంపెనీ పేరు సగం ఇటూ సగం అటూ.

"మీ వస్తువు మీకు అప్పజెబుదామని వచ్చాను.
మీది కాదంటే చెప్పు,
పాతినప కొట్లో అమ్ముకుంటాను."
కాస్త ఆగి,
"మీదే అయితే, రసీదివ్వు."

పుస్తకం తీశాను. తేదీ వేశాను.
'అందినది: మూత ఒకటి, విరిగినది.'
అక్కడిదాకా కలం బాగానే నడిచింది.
'సొంతదారు' అన్న గడి దగ్గర
నా కుర్చీ కింద నేల
కొంచెం కుంగినట్టయింది.

ఆమె కూర్చోలేదు.
కర్ర మీద బరువు మార్చుకుంటూ
నా చేతినే చూస్తోంది,
ఎన్నేళ్ళుగానో గుమ్మాల ముందు
సంతకం కోసం నిలబడ్డ మనిషి.