కిటికీ పక్క సీటు

బస్సులో ఆ సీటు కోసం
మనం కర్చీఫ్ వేస్తాం.
చువ్వల్లోంచి చెయ్యి దూర్చి
లోపల ముక్కూమొహం తెలియని మనిషిని
"అన్నా, కాస్త ఆ పక్కన పెట్టవా" అని బతిమాలుతాం.
రాయపురం నుంచి సూళ్లూరుపేట వెళ్తూ
చిన్నప్పుడు దానికోసం మా తమ్ముణ్ణి గిచ్చాను.
వాడి మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

అందుకే తప్పు మాటన్నాను ఆ రోజు.

ఒరగడం ఫ్యాక్టరీ, రెండో అంతస్తు.
కురామోచి గారిని తెచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టారు.
"సలహాదారు" అని బల్ల మీద పేరుపలక, మూడు భాషల్లో.
సలహా అడిగేవాళ్లు ఏ భాషలోనూ లేరు.
"మంచి చోటిచ్చారండీ, గాలీ వెలుతురూ" అన్నాను.
"హాయ్" అన్నారాయన.
హాయ్ అంటే ఔనని కాదు, విన్నానని.
మన హాయి అసలే కాదు.

నెల తర్వాత చెప్పారు, క్యాంటీన్లో,
పెరుగన్నంలో ఊరగాయ ముక్కని చెంచాతో నాలుగు చేస్తూ.
వాళ్ల దేశంలో అలాంటివాళ్లకో పేరుందట.
కిటికీవారు.
మాలో అయితే ఇంటిపేరు అయిపోయేది.
పని తీసేస్తారు, ఉద్యోగం తియ్యరు.
జీతం వస్తుంది, ఫోను రాదు.

ఇరవై రెండేళ్లకి చేరారట.
ఆ ఏడు టోక్యోలో అరచేతంత నేలకి
మనిషి ఆయుష్షంత ధర.
తర్వాత పగిలింది. బుడగ అనే అంటారు వాళ్లు కూడా.
మా తాత బతుకుని నీటిబుడగ అనేవాడు,
సాయంత్రాలు, తీరిగ్గా, చుట్ట కాలుస్తూ.
వీళ్లు దాన్ని లెక్కల పుస్తకంలో రాసుకున్నారు.
చేరిన రోజు పాడిన కంపెనీ పాట ఇంకా వచ్చునన్నారు.
పాడమంటే నవ్వి, నీళ్లు తాగారు.

నా పేరు అలివేలు.
ఆయన నాలుకకి "ల" లేదు.
అరివేరు-సాన్ అని పిలిచేవారు.
పేరులో నాకొక వేరు మొలిచింది.

పని లేని మనిషి ఏం చేస్తాడు?
చూస్తాడు.
గేటు దగ్గర లారీలు చూశారు.
తూకానికి ఒక్కోదానికీ పదిహేడు నిమిషాలు.
అందులో రెండు, వాచ్‌మన్ ఎబినేజర్
సంతకానికి పెన్ను వెతుక్కునేవి.
ఆర్నెల్లు రాశారు గళ్ల నోటుబుక్కులో, పెన్సిలుతో.
నేను ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపాను.
పైనుంచి "గమనించాం" అని వచ్చింది.
ఆ ఒక్క మాటనీ జపనీస్‌లోకి మార్చలేదు.
మర్నాడు ఆయనే కిందికెళ్లి
ఎబినేజర్ బల్లకి పురికొసతో
ఒక పెన్ను కట్టొచ్చారు.

వెళ్లిపోయే వారం కారు చెడిపోయింది.
షిఫ్టు బస్సులో వస్తానన్నారు.
వెల్డింగు పిల్లలు, పెయింటు షాపు పిల్లలు,
మెడల్లో పదకొండు నెలలకోసారి మారే కార్డుతాళ్లు.
వీళ్లకి కిటికీ చూపించరు.
గేటే.

సీట్లన్నీ నిండిపోయాయి.
పూంగొడి లేచింది,
పగలంతా నిలబడి పనిచేసిన పిల్ల.
ఒళ్లో టిఫిన్ సంచి చంకకి తగిలించుకుని
చున్నీతో సీటు తుడిచి
"సార్, జన్నల్ సీట్" అంది,
ఉన్నవాటిలో మంచిది ఇచ్చేస్తున్న గొంతుతో.

ఆయన నావంక చూశారు.
జీతం తీసుకునేదే మాటలకి, నా దగ్గర మాట లేదు.
ఆ పిల్ల అన్నదానికీ ఆయన విన్నదానికీ మధ్య
ముప్పై ఆరేళ్ల సర్వీసు.
డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆయన వంగారు.
నడుము దాకా, ఆ ఇరుకు సందులో.
ముందు సీటు కమ్మీ నుదుటికి తగిలి ఠంగుమంది.
పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు.
కూర్చున్నారు.

పడప్పై దగ్గర చెరువు,
వీపుల దాకా నీళ్లలో గేదెలు.
అద్దం జరిపి మోచెయ్యి బయట పెట్టారు,
పెట్టరాదని ఎర్ర అక్షరాల్లో రాసి ఉన్నా
నేను చదివి వినిపించలేదు.

వండలూరు వస్తుండగా ఏదో అన్నారు.
గాలి. ఒక్క ముక్క అందలేదు.

"హాయ్" అన్నాను.