కింది దవడ, కుడివైపు

కేజీహెచ్ మెట్లు దిగుతున్నాను
నోట్లో దూది, గుప్పెట్లో గాజుగుడ్డ,
గుడ్డలో నా జ్ఞానదంతం.
"చోటు చాల్లేదమ్మా, అడ్డంగా మొలిచింది" అన్నాడు డాక్టరు
గట్టు తగాదా తేల్చిన పెద్దమనిషిలా.

ఆ చోటు ఎటు పోయిందో నాకు తెలుసు.
మా డిపార్టుమెంటు అద్దాల బీరువాలో
వరసగా కూర్చున్న సుద్ద దవడలు
పదకొండేళ్లుగా చెబుతూనే ఉన్నాయి.
మొదటిది దుంపలు నమిలింది, పెంకులు కొరికింది,
ఇసకతో సహా మింగింది.
దాని పళ్లు తిరగలి రాళ్లు.
తర్వాత ఎప్పుడో ఎవరో నిప్పు రాజేశారు.
అక్కణ్ణించి ఒక్కో దవడా
గజం గజం అమ్ముకుంటున్న ఇంటి స్థలంలా
కురచబడుతూ వచ్చింది.
కుక్కర్లో మూడు కూతలేసిన రేషన్ బియ్యం
నా నోటికొచ్చేసరికి
ఆఖరి పన్నుకి పునాది తవ్వే జాగా లేదు.

బోణం బంగారమ్మ వాటికి రోజూ
రంగులేసే కుంచెతో దుమ్ము దులుపుతుంది.
చేరిన కొత్తలో అడిగింది:
"ఎవులమ్మా ఈళ్లు? మన సుట్టాలేటి?"
సుట్టాలే. కానీ తాతలో, తాతల తమ్ముళ్లో
ఇంకా తేలలేదన్నాను.
"మా ఇంట్లోనూ అంతే. భూమి పంపకాల కాడ గానీ తేల్దు."

సోమవారం, వాచిన బుగ్గతోనే
సింహాచలం ఘాట్ రోడ్డు, మూడో మలుపు.
పది నిమిషాలకోసారి తలెత్తాలి, రాయాలి,
ఎవరు ఎవరికి పేలు చూశారు, ఎవరు ఎవర్ని తరిమారు.
పెద్ద మగకోతి పిట్టగోడ మీద నడిచొస్తుంటే
చెవి తెగిన ఆడది
పెదాలు వెనక్కి లాగి పళ్లన్నీ బయటపెట్టింది.
కాగితం మీద రాశాను: భయం. లొంగుబాటు.
అది దాన్ని దాటి
నా ముందుకొచ్చి నిలబడింది.
నా పెదాలూ వెనక్కి పోయాయి,
కుట్లు లాగుతున్నా.

ఈ కదలిక నాకు కొత్త కాదు.
ఫెలోషిప్ కిటికీ దగ్గర, సంతకం పెట్టని ప్రొఫెసరు దగ్గర,
పెళ్లి పీటల మీద "నవ్వమ్మా, నవ్వు" అని
ఫోటోగ్రాఫరు వేళ్లు ఆడించినప్పుడు
ఇవే పళ్లు, ఇదే లాగుడు.
ఆల్బంలో అందరూ అన్నారు, ఎంత కళగా ఉందో.

కానీ చింతచెట్టు కింద రెండు పిల్లలు
ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి.
నోళ్లు గుండ్రంగా తెరిచి, పళ్లు దాచి,
కొరికినట్టే కొరికి వదిలేస్తూ.
నవ్వుకి ఇంకో పుట్టిల్లు కూడా ఉందని
నా కాగితంలో ఎక్కడ రాయాలి?
పది నిమిషాలు దాటాయి. ఆ గడి ఖాళీగా పోయింది.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో
వాన వెలిసిన మర్నాడు
బొటనవేలంత రాతిచెక్కు దొరికిందొకసారి.
అంచు ఇంకా తెగుతోంది.
పట్టుకున్న చెయ్యి మాత్రం దొరకలేదు.
ఎర్రమట్టి రాయిని దాస్తుంది, ఎముకని తినేస్తుంది.
అందుకే పన్ను పారెయ్యలేదు.

బంగారమ్మకి చూపించాను.
పాలపన్నయితే పేడముద్దలో పెట్టి
ఇంటి మీదకి ఇసిరీదాన్నంది.
జ్ఞానదంతమని చెప్పాను.
"పీకేసినాక వచ్చిందేటమ్మా గేనం?"
అంటూ నోరంతా తెరిచి నవ్వింది
అడ్డపొగకి నల్లబడ్డ అంగిలి కనిపించేలా,
ఉన్న నాలుగు పళ్లూ లెక్కలోకి రానంతగా.

చీటీ రాశాను.
దొరికిన చోటు: మహారాణిపేట. లోతు: తెలియదు.
కాలం దగ్గర కలం ఆగింది.
ఈలోగా ఆవిడ బీరువా తలుపు తీసి
వరసలో ఆఖరి దవడని వేలితో నెట్టింది.
"కాసింత జరగండి బావూ,
మడిసొచ్చింది."