మూడు ఫొటోలు

పనికి ముందొకటి, పని నడుమొకటి,
పని అయ్యాకొకటి.
మూడు ఫొటోలూ ఎక్కితేనే బిల్లు.
ఇది నా ఉద్యోగం:
మద్దిలపాలెంలో పొద్దున్నే బస్సెక్కి
పద్మనాభం దాటాక దిగి
మెరక పొలాల్లో టేపు పట్టుకు తిరగడం.

లెంక అసిరమ్మది ఎకరా ముప్పై సెంట్లు, కొండ వాలు.
చోడి వేస్తుంది, గట్టెమ్మట కంది.
"కందకం తవ్వుతారట, గట్టేస్తారట,
డబ్బులు గవర్నమెంటే ఇస్తాదట, నిజవేనా?" అంది.
నిజమే అన్నాను.
"ఎందుకిస్తాదో?"
మట్టిని ఆపడానికన్నాను.
నవ్వింది.
"ఇరవయ్యేళ్ళు లేటయింది పాపా,
అదెప్పుడో ఎల్లిపోనాది."

మొదటి ఫొటో.
రాళ్ళు తేలిన నేల,
వేళ్ళు బయటపడ్డ ఈత దుబ్బు ఒకటి.
లేని మట్టిని ఫొటో ఎలా తీయాలో
శిక్షణలో చెప్పలేదు.
అసిరమ్మ వంగి ఆ వేరు పక్కన
మోచెయ్యి నిలబెట్టి చూపించింది:
"నాను కాపరానికొచ్చిన్నాడు
నేల ఇక్కడిదాకా ఉండీది."
ఆ చేత్తో సహా తీశాను.
చెయ్యి అడ్డొచ్చిందని
ఆఫీసు తిప్పి పంపింది.

చిన్నప్పుడు, వాన వెలిసిన మర్నాడు
నాన్న స్కూటర్ మీద భీమిలి తీసుకెళ్ళేవాడు.
గోస్తనీ కలిసే చోట
సముద్రం చాలా దూరం ఎర్రగా ఉండేది.
ఎంత బాగుందో అనుకునేదాన్ని.
వేడి బజ్జీ ఊదుకుంటూ
ఎవరి పొలాన్ని చూస్తున్నానో
అప్పుడు నాకెవరు చెప్తారు?

కిందిమడి మజ్జి ఎర్రినాయుడిది.
హద్దు రైతు కాబట్టి అతని సంతకం కావాలి.
మొదటిసారి వెళ్తే సంతకెళ్ళాడు.
రెండోసారి జొరం.
మూడోసారి, గేదెను కడుగుతూ
నా వైపు తిరక్కుండానే అన్నాడు:
"ఆయమ్మ కందకం తవ్వేస్తే
నా మడికి ఒండ్రు ఏటొస్తాది?"

నిజమే.
అతని వరి కంకి ఇన్నాళ్ళూ బరువెక్కింది
ఆమె మట్టితోనే.
దొంగతనం కాదు,
వాన మోసింది, వాలు ఇచ్చింది.
నా ఫారంలో పొడవుంది, లోతుంది,
నాటిన మొక్కలు, బతికిన మొక్కలు ఉన్నాయి.
పక్కవాడికి తగ్గేది రాయడానికి గడి లేదు.

సంతకం ఎందుకు పెట్టాడో తెలీదు.
అసిరమ్మ ఎల్లి అడిగిందని ఒకరు,
ఎల్లి తిట్టిందని ఒకరు.
కాగితం మీద మాత్రం
ర కింద వత్తు మర్చిపోయిన
ఎరినాయుడు.

రెండో ఫొటోలో
పద్నాలుగు మంది, పలుగులు, అంబలి క్యాన్లు,
గొడుగు కింద పసిబిడ్డ.
దీన్నెవరూ తిప్పి పంపలేదు.

మూడోది ఎండలోనే తీశాను, గడువు ఆ రోజే.
ఖాళీ గుంట.
పని పూర్తయిందంటూ ఆకుపచ్చ టిక్కు.
బిల్లు ఇంకా పడలేదు,
అసిరమ్మ అడగడం మానేసింది.

జూన్ చివర్లో రాత్రంతా కురిసి
తెల్లారగట్ల ఆగింది.
ఎవరూ పంపకపోయినా వెళ్ళాను.
కందకం అడుగున
పులుసులా చిక్కగా ఎర్రమట్టి దిగి ఉంది.
అసిరమ్మ గట్టు మీద కూచుని
జాకెట్లోంచి తీసిన నోట్లు లెక్కపెట్టుకున్నట్టు
దాన్ని చూస్తోంది.
పైన తేరిన నీరు మాత్రం
మూల రాళ్ళ మీంచి
కిందిమడిలోకి జారుతోంది.

అక్కడ ఎర్రినాయుడు
పంచె ఎగ్గట్టి నిలబడున్నాడు.
ఏటా పిక్కల దాకా ఎర్రగా కప్పేసే నీళ్ళలో
మొదటిసారి
తన పాదాలు తనకి కనబడుతున్నాయి.
వంగి చూస్తున్నాడు, చాలాసేపు.

నాలుగో ఫొటో తీశాను.
ఎక్కించడానికి చోటు లేదు.