గంటకు ముప్పై

ఎంబరారా ఆస్పత్రి, ప్రసూతి వార్డు, పన్నెండో మంచం.
కెంబాబాజి కాళ్ళకు నీరు పట్టింది.
వేలితో నొక్కితే పడిన గుంట
పూడటానికి తొందరేమీ లేదంటుంది.
ఒంట్లో అన్ని నీళ్ళు,
గొంతులో మాత్రం ఎండ.

రక్తపోటు నూట డెబ్బై, కింద నూట పది.
మెగ్నీషియం సూది గుచ్చితే
నన్నూ, మా అమ్మనూ కలిపి తిట్టింది.
తిట్టే ఓపికుంది, మంచిదే.

స్టాండుకి వేలాడే సీసాకు గోధుమరంగు కాగితం చుట్టారు.
లోపల ఉన్నది ఉత్త ఉప్పునీళ్ళో,
నెత్తురుకి దగ్గర చుట్టమైన రింగర్ లాక్టేటో
నాకు చెప్పరు. పరిశోధనట.
క్లోరైడు ఎక్కువైతే
కిడ్నీ గుమ్మంలోని సన్నటి నాళాలు ముడుచుకుంటాయంటాడు
డాక్టర్ అసీమ్వె.
అని, చివర్లో "బహుశా" చేరుస్తాడు.
ఆ బహుశా కోసమే ఈ కాగితం.

ఏ నీళ్ళైనా గంటకు ఎనభై మిల్లీలీటర్లు దాటకూడదు,
దాటితే ఊపిరితిత్తులు మడుగవుతాయి.

అత్తగారు ఫ్లాస్కు నిండా బుషేరా తెచ్చింది.
"దూడకైనా బకెట్టు నీళ్ళు పెడతాం మేము.
మీరేమిటి, చుక్కలు లెక్కపెడతారు?"
ఏం చెప్పను.
మంచం కింద సంచి చూపించాను.
గంటకు ముప్పై పడాలమ్మా, ఈ గీత దాకా.

పది గంటలకు నలభై.
పదకొండుకి ఇరవై రెండు, డికాషన్ రంగు.
పన్నెండుకి పద్దెనిమిది.
రబ్బరు సుత్తితో మోకాలు తట్టాను, కాలు ఎగిరింది.
ఊపిరి నిమిషానికి పదహారు.
తర్వాతి సూది ఆపమన్నాడు డాక్టరు.
క్రియాటినిన్ రిపోర్టు బోడా బోడా మీద రావాలి,
బయట వాన.

ముసలామె నేల మీద చతికిలబడి
పాలు పితుకుతూ చెంబులోకి చూసినట్టు
సంచిలోకి చూస్తోంది.
నేను అటు వెళ్ళినప్పుడల్లా అంకె తనే చెబుతోంది.

నాలుగింటికి కెంబాబాజి నీళ్ళాడింది.
ఆడపిల్ల, రెండు కిలోలు, ఆపైన చిల్లర. ఏడ్చింది.
తల్లి కిడ్నీలు మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాయి.
ఐదింటికి పదకొండు.
ఆరింటికి తొమ్మిది.
నా డ్యూటీ అయిపోయింది. ఇంటికి పోలేదు.

ఎనిమిదిన్నరకి ముసలామె కేక,
వార్డంతా లేచింది:
"గీత దాటింది!"

సీసా ఏదో ఇప్పటికీ తెలియదు.
కాగితం అంచు తడిసి, కాస్త ఊడి ఉంది.
చూడొచ్చు. చూడలేదు.

ఫ్లాస్కు మూత తిప్పి
మొదటి కప్పు నా చేతిలో పెట్టిందామె.
పుల్లగా, గోరువెచ్చగా ఉంది.
లెక్కపెట్టకుండా తాగాను.